తెల్ల ఎల్‌ఈడీకి ఎర్ర ఫిల్టర్ దండగ

బ్రిటన్‌లో పంట మేసే కుందేళ్లను రాత్రి లైటు వేసి తుపాకీతో కొట్టడం గురించి రాస్తూ, కుందేలు బెదరకుండా ఏ టార్చికైనా ఎర్ర ఫిల్టర్ తొడిగితే చాలని ఒకరన్నారు. చిక్కు అక్కడే. కుందేలు కంట్లో రంగు గుర్తించే కణాలు రెండు రకాలే, ఒకటి నీలానికి, ఒకటి ఆకుపచ్చకి. తరంగదైర్ఘ్యం 620 నానోమీటర్లు దాటిన ఎరుపు దానికి బాగా మసక, అందుకే అంతగా బెదరదు. కానీ తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఫిల్టర్ మిగతాదంతా మింగేస్తే డబ్బా మీది 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత) పేరుకే మిగులుతాయి. ఎర్ర ఎల్‌ఈడీయే బిగించిన, ఫోకస్ మార్చుకునే టార్చి కొనడం మేలు. పాత హాలోజన్ దీపంలో ఎరుపు దండిగా ఉంటుంది, ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. అయితే ఆ వేడికి చవక ప్లాస్టిక్ వంకర్లు పోతుంది.

ఆకుపచ్చ మన కంటికి హాయి, కుందేలుకీ అంతే స్పష్టం! లైటు చూడగానే పారిపోవడం మరిగిన కుందేళ్లున్న పొలంలో అది వద్దు. దూరం ఎక్కువైతే కాషాయ రంగు మధ్యేమార్గం.

వెతికేటప్పుడు వెలుగు తగ్గించి, కాంతి అంచుతో తడమాలి. కళ్లు మెరిశాయని ట్రిగ్గర్ నొక్కకూడదు. గొర్రె కళ్లూ, కుక్క కళ్లూ మెరుస్తాయి. కుందేలు ఒళ్లంతా కనబడాలి, గుండు ఆగడానికి వెనక మట్టిగట్టు ఉండాలి.

అన్నట్టు, మన దగ్గర చెవులపిల్లి (అడవి కుందేలు) వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఏ రంగు లైటైనా సరే.