సవరణ: బఫర్ ద్రావణం పీహెచ్ ‘ఏమాత్రం మారదు’ అన్న మాట గురించి

బఫర్ ద్రావణంలో (కొద్దిగా ఆమ్లమో క్షారమో చేరినా ఆమ్లత్వం పెద్దగా మారకుండా నిలిపే ద్రావణంలో) ఆమ్లం కలిపినా పీహెచ్ (హైడ్రోజన్ అయాన్లను బట్టి ఆమ్లత్వాన్ని చెప్పే కొలత; అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) ఏమాత్రం మారదని ఇంతకుముందు రాశాను. అది తప్పు, మారుతుంది, కాకపోతే స్వల్పంగా. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ చెరి 0.1 మోల్ (మోల్ అంటే పదార్థంలోని కణాల సంఖ్యను లెక్కించే ప్రమాణం) ఉన్న లీటరు ద్రావణం పీహెచ్ సుమారు 4.76 కాగా, అందులో 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే, దాన్నుంచి వచ్చిన హైడ్రోజన్ అయాన్లలో దాదాపు అన్నిటినీ ఎసిటేట్ అయాన్లు పట్టుకొని ఎసిటిక్ ఆమ్లంగా మారిపోతాయి కనుక, పీహెచ్ 4.67 దగ్గర నిలుస్తుంది. అంతే ఆమ్లాన్ని లీటరు స్వచ్ఛమైన నీటిలో పోస్తే 7 నుంచి 2కు పడిపోతుంది (పీహెచ్ లాగరిథమ్ కొలత, అంటే ఒక్కో అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పదింతలవుతాయి కాబట్టి, హైడ్రోజన్ అయాన్లు లక్ష రెట్లు పెరిగాయన్నమాట). ఈ నిరోధానికి హద్దు ఉందన్న సంగతీ అప్పుడు వదిలేశాను: 0.1 మోల్ ఆమ్లం పోస్తే ఎసిటేట్ దాదాపు మొత్తం ఖర్చయిపోయి, పీహెచ్ 2.7 ప్రాంతానికి జారుతుంది.