గేదెకు దోసెడు యూరియా, పీజీకి ఒక దండం

"వ్యవసాయంలో పీజీ దండగ, ఈ ఆరు తెలిస్తే చాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పెళ్లి ఫొటోల కోసం పెట్టిన గ్రూపులో కూడా ఒక బాబాయి పడేశాడు. "సుస్థిర పంటలు, పశుపోషణ అంటూ రెండేళ్లు వృథా చేసే పిల్లలకు పంపండి" అని కింద ఒక నమస్కారం బొమ్మ.

ఆరో పాయింటుతోనే మొదలుపెడతాను. మిగతా ఐదింటితో పోయేది డబ్బో కాలమో, దీంతో గొడ్డు చస్తుంది.

"ఎండుగడ్డి మీద యూరియా నీళ్లు చల్లి అదే పూట వేయండి, లేదా దాణాలో దోసెడు యూరియా కలపండి. వారంలో పాలు రెండింతలు. ఇది కాలేజీల్లో చెప్పరు."

చెబుతారు. ఎలా చేయకూడదో కూడా చెబుతారు. దోసెడు యూరియా తూస్తే 200 గ్రాముల దరిదాపు ఉంటుంది. అలవాటు లేని పశువులో బరువు కేజీకి 0.3 నుంచి 0.5 గ్రాముల దగ్గరే విషలక్షణాలు మొదలవుతాయి. 1 నుంచి 1.5 గ్రాములైతే చాలాసార్లు ప్రాణమే పోతుంది. 300 కేజీల గేదెకు 200 గ్రాములంటే కేజీకి 0.67. ఇక చల్లి అదే పూట వేసే గడ్డి లెక్క చూద్దాం. 100 కేజీల గడ్డికి 4 కేజీల యూరియా చొప్పున చల్లి, అందులో 6 కేజీలు మేపితే కడుపులోకి పోయే యూరియా 240 గ్రాములు.

నెమరు పొట్టలో యూరియా నిమిషాల్లో అమ్మోనియాగా విడిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మాంసకృత్తిగా మార్చుకోగలవు, కానీ అందుకు పక్కనే పిండిపదార్థమో బెల్లపు మడ్డో ఉండాలి. వట్టి గడ్డి తిన్న పశువులో అది ఎక్కడుంటుంది? మిగిలిన అమ్మోనియా రక్తంలోకి పోతుంది, కాలేయం తట్టుకోలేదు. అరగంట, గంటలోపే వణుకు, నోటి నురగ, కడుపుబ్బరం, ఆయాసం. పచ్చి సోయా చిక్కుళ్లు కూడా దాణాలో ఉంటే మరీ ప్రమాదం, యూరియాను విడగొట్టే ఎంజైమ్ వాటిలోనూ ఉంది. విరుగుడు 5 శాతం వెనిగర్ 2 నుంచి 6 లీటర్లు, దాంతోపాటు 20 నుంచి 40 లీటర్ల చల్లని నీళ్లు. అదీ డాక్టరు గొట్టం వేసి పోయాలి. వణుకుతున్న గేదె నోరు పట్టి గొట్టంలేకుండా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదొక చావు.

సరైన పద్ధతిలో పదార్థాలు అవే, తేడా అంతా 21 రోజుల్లో ఉంది. 100 కేజీల ఎండు వరిగడ్డికి 4 కేజీల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. పూర్తిగా కరిగాక, మొక్కలకు నీళ్లు చల్లే క్యాన్‌తో పొరపొరకూ చల్లి తొక్కాలి. బిందెతో గుమ్మరిస్తే యూరియా అడుగున మడుగు కడుతుంది, పైపొర పొడిగానే ఉంటుంది. పాలిథీన్ కప్పి గాలి చొరకుండా అంచుల మీద మట్టి వేయాలి. ఈ మూడు వారాల్లో యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచును మెత్తబరుస్తుంది. మూడు నాలుగు శాతం ఉండే ముడి మాంసకృత్తి ఏడెనిమిదికి చేరుతుంది. పట్టాలో చిల్లు పడితే అమ్మోనియా పోతుంది, బూజు వస్తుంది. బూజు పట్టిన గడ్డిని పారేయాల్సిందే. తెరిచిన గడ్డిని కాసేపు గాలికి ఆరబోసి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టనే కూడదు.

అన్నట్టు, ఇదే మెసేజ్ మొదటి పాయింటులో "రసాయనం గింజ కూడా పొలంలో పడకూడదు" అని ఉంది. పొలంలో పడకూడదట, గేదె కడుపులో పడొచ్చట!

ఆ మొదటి పాయింటు "ఒక్క ఆవుతో 30 ఎకరాలు". లెక్క ఎక్కడిదంటే, రోజుకు పది కేజీల పేడ, అంటే రోజుకు ఒక డ్రమ్ము జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లలో పులియబెట్టిన ద్రవం), ఎకరానికి నెలకో డ్రమ్ము చొప్పున నెలకు ముప్పై ఎకరాలు. భాగహారం బాగానే వచ్చింది, రసాయన శాస్త్రం రాలేదు. 10 కేజీల పేడలో నత్రజని 30, 40 గ్రాములు. పది లీటర్ల మూత్రంలో సుమారు 100. రెండు కేజీల పప్పు పిండిలో 70. డ్రమ్ముకు మొత్తం 200 గ్రాములు అనుకుందాం. నెలకోసారి చొప్పున నాలుగు నెలలకు కేజీ కూడా కాదు. ఎకరానికి 30 బస్తాల వరి పండితే గింజా గడ్డీ కలిసి పొలం నుంచి తీసుకునే నత్రజని 35 నుంచి 45 కేజీలు.

"అది ఎరువు కాదు, సూక్ష్మజీవుల తోడు" అంటారు. సరే, పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది, పాలు ఎవరు తెస్తారు? ఆ పాలను, అంటే నత్రజనిని, జీలుగ, జనుము, నవధాన్యాలు, పప్పుజాతి అంతరపంట, పశువుల ఎరువు తేవాలి. ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు వేయాలంటే ఒక ఆవు ఏడాది పేడ మూడున్నర టన్నుల పైచిలుకే, అదీ పచ్చిది. మాగేసరికి సగం. 30 ఎకరాలు కాదు బావా, ఒక్క ఎకరాకే చాలదు. ఏ పోషకం ఏ దారిన పొలంలోకి వస్తోంది, పాలలో ఎంత పోయింది, అమ్మిన గడ్డిలో ఎంత పోయింది, పేడకుప్ప వానకు తడిసి ఎంత కారిపోయింది, ఈ జమాఖర్చే ఆ రెండేళ్ల చదువు.

నీళ్ల తొట్టిలో మేతకు పెంచే అజోల్లా రెండు కేజీలు పెడితే దాణా అక్కర్లేదట. అందులో నీళ్లే 94, 95 శాతం. పిండితే వచ్చే మాంసకృత్తి 25, 30 గ్రాములు. పది లీటర్ల ఆవుకు రోజుకు కేజీ పైన కావాలి. తర్వాతిది.

జర్మనీలో పీజీ అంతటా ఉచితమట. వ్యవసాయ చదువుకు పేరున్న హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది.

ఉద్యోగాలు రావట. వ్యవసాయాధికారి పోస్టుకు బీఎస్సీ చాలు, నిజమే. ఆ ఒక్కదానికే అయితే పీజీ చేయకండి.

"పక్క రైతుకు 40 బస్తాలు పండాయి, థీసిస్‌లో గణాంకాల గారడీ ఎందుకు?" పక్క రైతు మడి కాలువ మొదట్లో ఉంది, మీది చివర్లో ఉంది, అందుకు. ఎనిమిది రకాల పద్ధతుల్ని మూడేసి మడుల్లో చీటీ తీసి వేస్తే తప్ప, ఆ తేడా ఎరువుదో నీటిదో చెప్పలేం.  

కానీ ఆ గణాంకాలు రెండు పంటకాలాల మీదే ఉంటాయి, శీర్షికలో మాత్రం "సుస్థిర" అనే మాట ఉంటుంది. నేలలో సేంద్రియ కర్బనం కదిలిందని నమ్మకంగా చెప్పడానికి ఆ కాలం చాలదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి మీద 1976 నుంచి నడుస్తున్నటువంటి ప్రయోగాలు కావాలి. ఇంకోటి. 1964లో మొదలైన మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలూ పశువులూ ఒకే గొడుగు కింద ఉండేవి. 2005లో పశువైద్యం తిరుపతికి వెళ్లింది, 2007లో ఉద్యానం వెంకటరామన్నగూడెం చేరింది. ఇప్పుడు ఆగ్రానమీ, అంటే పంటల సాగు శాస్త్రంలో పీజీ చేసినవాళ్లలో దాణా కలపడం రానివాళ్లున్నారు, పశుపోషణ పీజీ చేసినవాళ్లలో మేతకు జొన్న ఏ దశలో కోయాలో తెలియనివాళ్లున్నారు. పొలమూ కొట్టమూ కలిపి చదవాల్సిన చదువు రెండు ఊళ్లకు చీలిపోయింది.

మెసేజ్ రాసినాయన ఈ మాట అని ఉంటే నేనే పది గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాణ్ణి. ఆయన దోసెడు యూరియా అన్నాడు.