సవరణ: ఆక్సిజన్ రీడింగ్ ఒక్కటే చాలదు
లోహం కరిగించే కొలిమి పొగలో ఆక్సిజన్ 2 శాతం దగ్గర ఉంటే ఇంధనం సరిగ్గా మండుతున్నట్టేనని ముందటి పోస్టులో ఉంది. దానికి ఒక షరతు చేర్చాలి: కొలిమిలోకి బయటి గాలి చొరబడకూడదు. తలుపు సందులోంచి గాలి లోపలికి లాగితే పొగలో ఆక్సిజన్ కొలిచే జిర్కోనియా సెన్సార్ ఆ ఆక్సిజన్‌ని కూడా కలిపి చూపిస్తుంది. ఆ రీడింగ్ చూసి కొలిమిని నడిపే కంప్యూటరేమో గాలి ఎక్కువైందని బర్నర్‌కి గాలి తగ్గిస్తుంది. అక్కడ మంటకి గాలి చాలక మసి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడతాయి. దగ్గర పనిచేసేవాళ్ల ప్రాణాలతో ముడిపడిన విషయం ఇది. అందుకే కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా కొలవాలి, కొలిమి లోపలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉండేలా చూడాలి.

మంట పెంచేటప్పుడు గాలి, ఇంధనం ఒకేసారి పెరుగుతాయన్న వాక్యాన్ని ముందటి పోస్టులోంచి తీసేశాను. ముందు గాలి పెరగాలి, దాని వెనకే ఇంధనం. తగ్గించేటప్పుడు ముందు ఇంధనం తగ్గాలి, తర్వాత గాలి. లేదంటే మధ్యలో మంటకి గాలి చాలదు.