అభివృద్ధి కోసం పంచకుల దాకా

పార్టీ మారిన ప్రతి ఎమ్మెల్యే చెప్పేది ఒకటే మాట, నియోజకవర్గ అభివృద్ధి కోసమేనని. ఈ అభివృద్ధి నియోజకవర్గంలో దొరక్కుండా ఎప్పుడూ వేరే రాష్ట్రంలోని హోటల్లోనే ఎందుకు దొరుకుతుందో ఎవరైనా అడుగుదామన్నా, ఆ టైమ్‌లో సారు ఫోన్ స్విచ్ఛాఫ్‌లో ఉంటుంది.

హిమాచల్‌లోని లాహౌల్-స్పీతి సంగతే చూడండి. దాదాపు 13,800 చదరపు కిలోమీటర్ల మంచుకొండలు, పాతిక వేల ఓటర్లు. 2020లో అటల్ సొరంగం తెరిచేదాకా రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోతే లాహౌల్‌కి నెలల తరబడి రోడ్డు లేనట్టే. అక్కడ 2022లో రవి ఠాకూర్ గారు కాంగ్రెస్ టికెట్ మీద, బీజేపీ మంత్రి రామ్‌లాల్ మార్కండాను ఓడించి గెలిచారు.

2024 ఫిబ్రవరి 27న రాజ్యసభ ఎన్నిక. సభలో 68 మంది, అందులో కాంగ్రెస్ వాళ్లే 40. ఇంత మెజారిటీ పెట్టుకుని ఓడిపోవాలంటే చాలా కష్టపడాలి. కష్టపడ్డారు. ఠాకూర్ గారితో కలిపి ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అవతలి బీజేపీ అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు వేశారు, అదీ పార్టీ ఏజెంటుకు చూపించి వేయాల్సిన ఓటు. స్వతంత్రులు ముగ్గురూ అటే. లెక్క 34-34. ఇక చీటీలు తీశారు. కాంగ్రెస్ అభ్యర్థి సింఘ్వీ పేరు వచ్చింది. మన ఊళ్లో లక్కీ డ్రాలో పేరొస్తే బిందె ఇస్తారు, ఇక్కడ పేరొచ్చినాయన ఓడిపోయినట్టట! పేరు రానందుకు హర్ష్ మహాజన్ గారు ఎంపీ అయిపోయారు. బహుశా ఆ చీటీకి కూడా అంతరాత్మ ప్రబోధం అయి ఉంటుంది.

తర్వాత ఈ ఆరుగురికీ హర్యానాలోని పంచకుల హోటల్. రెండో రోజుకే అనర్హత వేటు. ఆపైన రిషికేశ్ దగ్గర ఇంకో హోటల్, మార్చి 23న బీజేపీ కండువా. (1984లో ఎమ్మెల్యేలను బెంగళూరు దాకా తరలించిన చరిత్ర మనది, క్యాంపుల గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు.) మ్యాప్ తీసి చూడండి, ప్రతి మజిలీ లాహౌల్-స్పీతి జిల్లా కేంద్రం కేలాంగ్‌కు ఇంకాస్త దూరం. అభివృద్ధి తెస్తానని బయల్దేరిన మనిషి వెళ్తూనే ఉన్నాడు.

ఉప ఎన్నికలో బీజేపీ టికెట్ ఆయనకే ఇచ్చింది. పాపం మార్కండా! తనను ఓడించినాయనే తన పార్టీలోకి వచ్చి తన టికెట్టే పట్టుకుపోతే ఏం చేస్తారు, అలిగి ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు.

అదే నియోజకవర్గంలో టాషీగంగ్ అని ఊరుంది. 15,256 అడుగులు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన పోలింగ్ కేంద్రం, అప్పటికి 62 మంది ఓటర్లు. ఆ కొద్దిమంది కోసం పోలింగ్ సిబ్బంది మెషిన్లు మోసుకుని ఆ ఎత్తుకు ఎక్కుతారు, ఊపిరి అందని చోట ముసలివాళ్లు కూడా వచ్చి వేస్తారు. అలా 2022లో వేసిన ఓటు పదహారు నెలలు కూడా నిలవలేదు. ఎవడబ్బ సొత్తని తీసుకెళ్లి హోటల్లో పెట్టారు? పైగా సిగ్గు లేకుండా అదే మనిషి, కండువా మార్చుకుని, మళ్లీ వాళ్ల గుమ్మం ముందే నిలబడి ఓటు అడిగాడు!

జనం కాంగ్రెస్ అభ్యర్థి అనురాధా రాణాను గెలిపించారు. మార్కండా రెండు, ఠాకూర్ గారు మూడు. సెప్టెంబరులో, ఫిరాయించి అనర్హులైన వాళ్లకు పెన్షన్ ఉండకూడదని హిమాచల్ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. పనిలో పనిగా ఆ హోటల్ గదుల అద్దె ఎవరు కట్టారో కూడా సభలో తేల్చేస్తే బాగుండేది.