వినోదం ఏ పద్దులో?

సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయివచ్చిన కుటుంబాన్ని ఎంత ఖర్చయిందని అడిగితే ఇంటి పెద్ద వేళ్ల మీద లెక్క చెబుతాడు. అదే లెక్క సర్వే ఫారంలోకి ఎక్కితే చెల్లాచెదురవుతుంది. కోసిన యాట మాంసం పద్దులోకి, తాగిన కల్లు మత్తు పదార్థాల్లోకి, ఆటో కిరాయి రవాణాలోకి పోతాయి. పిల్లలు రంగులరాట్నం ఎక్కిన పైసలే చివరికి వినోదం కింద మిగులుతాయి. రెండేళ్లకోసారి వచ్చే పండుగ మొత్తం ఆ ఇంటికి వినోదమే. లెక్కల్లో మాత్రం అది నూరో, నూటయాభయ్యో.

మన ఇళ్లలో వినోదానికి ఎంత ఖర్చవుతోందన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ తిరకాసు గుర్తుంచుకోవాలి. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో తలసరి నెల ఖర్చు రూ.5,435, పట్టణాల్లో రూ.8,978. రెండూ దేశ సగటు కన్నా బాగా ఎక్కువే. ఈ సర్వేల సారాంశ పట్టికల్లో వినోదాన్ని సబ్బులు, షాంపూల వంటి ఇతర సరుకులతో ఒకే గంపలో వేస్తారు. దేశవ్యాప్తంగా పల్లెల్లో ఆ గంప వాటా ఆరు శాతం పైచిలుకు. వినోదాన్ని విడదీసి చూస్తే ఒక శాతం చుట్టుపక్కలే ఆగుతుంది. టీవీ కొంటే అది మన్నికైన వస్తువు, ఫోన్ రీఛార్జ్ చేయిస్తే అది సేవ. దినపత్రికను చదువు పద్దులో వేశారు, దానికి మాకేమీ అభ్యంతరం లేదు.

అసలు ఖర్చు ఆ రీఛార్జ్ దగ్గరే ఉంది. మిర్యాలగూడ పక్క పల్లెలో మూడు ఫోన్లున్న ఇల్లు ఇప్పుడు అరుదేమీ కాదు. నెలవారీ ప్యాక్ అంటారు గానీ చాలావాటి గడువు 28 రోజులే. కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు పైసలు కట్టాలి. రూ.299 ప్యాక్ చొప్పున మూడు ఫోన్లకు ఏడాదికి రూ.11,661 అవుతుంది. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. అంటే 38 రోజుల మట్టిపని ఫోన్లకే పోతోంది. అందులో మాటలకెంత, బడి పిల్లల పాఠాలకెంత, రాత్రి పదకొండు దాకా వేలితో తోసే రీళ్లకెంత అన్నది ఎవరూ విడదీయలేరు. పత్తి ఏరి వచ్చిన మనిషి గంటసేపు రీళ్లు చూస్తే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. మా ఫిర్యాదు గడువు మీద. కనీసం ఒక ప్యాక్ 30 రోజులది ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే చెప్పింది. డేటా అక్కర్లేని వారికి మాటలకే పరిమితమైన ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. బటన్ ఫోన్ పట్టుకున్న ముసలవ్వకు ఈ సంగతి రీఛార్జ్ దుకాణంలో ఎవరు చెబుతున్నారు?

సినిమా కథ వేరు. 2021 డిసెంబర్ నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఏసీ థియేటర్‌లో మామూలు సీటుకు రూ.150, మల్టీప్లెక్స్‌లో రూ.250 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. జీఎస్టీ అదనం. 18 శాతం కలిపితే మల్టీప్లెక్స్ టికెట్ రూ.295, నలుగురికి రూ.1,180. పల్లెలో ఒక మనిషి నెల ఖర్చులో అది ఐదో వంతు కన్నా ఎక్కువ. పాప్‌కార్న్, పార్కింగ్ ఇంకా మొదలే కాలేదు. 2025 సెప్టెంబర్‌లో పన్ను తగ్గింది నిజమే, కానీ వంద రూపాయల లోపు టికెట్లకే. పెద్ద సినిమా వస్తే ఆ గరిష్ఠ ధరలు కూడా నిలవవు. ఇక టికెట్ల పెంపునకు, ప్రత్యేక ప్రదర్శనలకు అనుమతులుండవని ముఖ్యమంత్రి 2024 డిసెంబర్‌లో శాసనసభలోనే ప్రకటించారు. మరుసటి జూలైలో ఒక ప్రీమియర్ షోకు రూ.600, పైన జీఎస్టీ వసూలు చేసుకోవచ్చని అదే ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ మాట నిలబడలేదు.

ఇక ఆన్‌లైన్ పందేలను వినోదమని పిలవడానికి మేము సిద్ధంగా లేము. రాష్ట్రం 2017లో, కేంద్రం 2025 ఆగస్టులో చట్టాలు చేశాయి. ఆ నష్టం ఏ సర్వే ఫారంలోనూ కనపడదు, ఎందుకంటే ఇంట్లో చెప్పనివాడు సర్వేకు చెప్పడు.

కుటుంబాలకు పొదుపు పాఠాలు చెప్పే ముందు పైసా ఖర్చు లేని వినోదం జిల్లాల్లో ఎంత మిగిలిందో చూడాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక దేవరకొండ తండాల మహిళలు యాదగిరిగుట్టకో సాగర్‌కో పోయిరావడం తేలికైంది. ఇటీవలి కాలంలో పల్లె మహిళల వినోదానికి ఏ ప్రభుత్వమైనా చేసిన పెద్ద మేలు మా దృష్టిలో ఇదే. ఆ పథకం ఉద్దేశం వినోదం కాకపోవచ్చు, అయినా సరే. దాని పక్కన 2022లో ఆర్భాటంగా మొదలైన పల్లె క్రీడా ప్రాంగణాలను పెట్టి చూడండి. చాలాచోట్ల స్వాగత బోర్డు, రెండు ఇనుప స్తంభాలు, నడుమ తుమ్మచెట్లు. నాగర్‌కర్నూల్ జిల్లా పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆ కిన్నెర వినాలనుకునే అచ్చంపేట కుటుంబానికి ఏ వేదిక ఉంది?

పైసలు లేవన్న జవాబు చెల్లదు. పైసా ఖర్చు లేని వినోదానికి గ్రంథాలయం కూడా ఒక చోటే, దానికోసం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును మనం కడుతూనే ఉన్నాం. దాన్ని వసూలు చేసే పురపాలికలు, పంచాయతీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు పాతదే. నల్గొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లు మొదట ఈ బకాయిల పట్టికను బయటపెట్టాలి. ఏ పురపాలిక ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది, మిగతాది ఏ ఖాతాలో ఉందన్నది అందులో స్పష్టంగా ఉండాలి.