సగటు గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన సగటు గారికి,

నమస్కారం. వాతావరణ మార్పు మీద ఎక్కడ సభ జరిగినా ముందు వరసలో కుర్చీ మీదే. ఏడాదికి మనిషికి దాదాపు 4.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సభంతా తలూపుతుంది. సరిగ్గా అంత వదిలే మనిషి ఎక్కడుంటాడో మాత్రం ఎవరూ అడగరు.

పేదరికం, అసమానతల మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ వాళ్లకు అలాంటి మర్యాదలు తెలియవు, మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి 2019 లెక్కలు విడదీసి చూశారు. ప్రపంచ ఉద్గారాల్లో 16 శాతం, పైనున్న 1 శాతం సంపన్నులవి. అడుగునున్న 500 కోట్ల మంది అందరూ కలిసి వదిలిందీ దాదాపు అంతే. ఈ ఇద్దర్నీ కలిపి భాగిస్తే గొడవే ఉండదు. సొంత విమానంలో తిరిగే ఆయన బరువు కాస్త తగ్గుతుంది, కరెంటు ముఖం చూడని ఆవిడ నెత్తిన కాస్త పడుతుంది. ఆవిడకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు కాబట్టి అభ్యంతరం చెప్పదు.

మీ నీడన దాక్కునేవాళ్లలో నాకు బాగా నచ్చేది పేద దేశాల్లోని డబ్బున్నవాళ్లు. "మా తలసరి చూడండి, ఎంత తక్కువో!" అంటారు. ఆ అంకెను కిందికి లాగింది కట్టెల పొయ్యి మీద వండుకునే జనం. గొప్ప చెప్పుకునేది మాత్రం గదికో ఏసీ ఉన్నాయన. ధనిక దేశాలు ఇంకా గడుసువి. తలసరి ఎక్కువని తేలగానే మిమ్మల్ని బయటికి పంపేసి, "ప్రపంచం మొత్తంలో మా వాటా ఎంతని?" అంటాయి.

మీ తమ్ముడొకడున్నాడు, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే రేటు వేసే సమాన పన్ను. ఫ్రాన్స్‌లో వాడు పడ్డ అవస్థ మీకు తెలిసే ఉంటుంది. డీజిల్ మీద పన్ను ఇంకా పెంచుతామంటే, బస్సు రాని ఊళ్లలో కారు లేనిదే పనికి వెళ్లలేనివాళ్లు 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు. అంతర్జాతీయ విమానాల ఇంధనానికేమో దాదాపు పన్నే ఉండదు. ఆ రోడ్డెక్కినవాళ్లకు పర్యావరణం పట్టదని చాలామంది పెద్దలు తీర్మానించారు. పన్ను ఎవరి మీద పడుతోందన్నది వాళ్లకు పట్టలేదు.

మా విలువల సంగతీ చెప్పాలి, తప్పంతా మీదే అంటే అన్యాయం. ఉన్నవాడు సైకిలెక్కితే ఆదర్శం, ఫొటో కూడా తీస్తాం. లేనివాడు సైకిల్ మీద వస్తే, పాపం ఇంకా ఎదగలేదంటాం. ఎదిగాడని నమ్మించడానికి వాడూ అప్పు చేసి కారు కొంటాడు. అప్పుడు భూమి ఏమైపోతుందోనని మాకు టెన్షన్ పట్టుకుంటుంది. పొదుపుగా బతకడం ఎలాగో వాడికి మేమే వెళ్లి క్లాసు చెబుతాం.

ఉమ్మడి బాధ్యతే గానీ అందరిదీ ఒకే బరువు కాదని 1992 నాటి వాతావరణ ఒప్పందంలోనే రాసుకున్నారు. వాతావరణ మార్పును తట్టుకోవడానికి, తగ్గించడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు మాటిచ్చాయి. ఆ మొత్తం చేరేసరికి 2022 వచ్చింది. అందులో ప్రభుత్వాలు ఇచ్చిన సొమ్ములోనూ ఎక్కువ భాగం అప్పే. పక్కవాడి ఇల్లు ముంచి, గోడలు లేపుకోమని బాకీ ఇవ్వడాన్ని సాయం అంటారని అప్పుడే తెలిసింది.

ఒక్కటే విన్నపం. ఉద్గారాలు పంచేటప్పుడు మిమ్మల్ని పెద్దమనిషిగా పిలుస్తారు కదా, ఆస్తులు పంచే రోజున కూడా ఒకసారి వచ్చి అదే కుర్చీలో కూర్చోండి. అక్కడా మనిషికింత అని తేల్చండి. ఎంతమంది తలూపుతారో చూడాలనుంది.

ఇట్లు,
మీ లెక్కలో ఎవరి వాటానో మోస్తున్న ఒకడు