పాటలు పెట్టుకోమన్నాడండీ!

గంట క్రితం జరిగింది. ఇంకా మనసు కుదుటపడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆల్టో 2006 మోడల్. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా విశాఖలో ఎండాడ ఎత్తు దగ్గర ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు లాగడం లేదని పోయిన వారం గేర్ బాక్స్ దింపించి క్లచ్ మార్పించాను. లేబర్‌తో కలిపి 6,800 రూపాయలు. బండి తెచ్చుకున్న మర్నాడే హనుమంతవాక సిగ్నల్లో క్లచ్ నొక్కితే కింద నుంచి గరగరమని చప్పుడు. పిండిమరలో రాయి పడ్డట్టు. కాలు తీస్తే ఆగిపోతోంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ గరగర. పక్కన ఆటో అతను కూడా తల తిప్పి చూశాడు.

ఇవాళ ఆ క్లచ్ మార్చిన మెకానిక్‌ దగ్గరికే తీసుకెళ్ళి చూపించాను. చూపించాను అనకూడదు, అతను బానెట్ కూడా ఎత్తలేదు. "కొత్త క్లచ్ కద మేడమ్, రన్నింగ్‌లో సెట్ అయిపోద్ది." అవకపోతే? "పాత బండి కదా, ఆ మాత్రం ఉంటాది." నేను అక్కడి నుంచి కదలకపోయేసరికి, "పాటలు పెట్టుకోండి మేడమ్, సౌండ్ వినపడదు."

డబ్బు తీసుకుని పని చేసిన మనిషి అనాల్సిన మాటేనా ఇది?

కొత్త క్లచ్ ప్లేటు కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, నిజమే. బేరింగ్ చప్పుడు అలా కుదురుకోదు. తిరిగిన కొద్దీ పెరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి మెషీన్లు కూడా అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి చెవి పెడితే చాలు. క్లచ్ నొక్కినప్పుడు చప్పుడు వచ్చి, వదిలితే పోతోందంటే ముందు అనుమానించాల్సింది రిలీజ్ బేరింగ్‌నే, అంటే పెడల్ నొక్కితే క్లచ్‌ని విడదీసే బేరింగ్‌ని. మనం పెడల్ నొక్కినప్పుడే కదా దాని మీద బరువు పడేది! అదే తిరగేసి, కాలు తీసినప్పుడు వచ్చి నొక్కితే ఆగిపోతే అది గేర్ బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిరుగుడుని గేర్ బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్. ఇంజిన్ ఆపేసినా పెడల్ కదిపితే కిర్రుమంటే క్లచ్ వైరుకో, పెడల్ దగ్గరో, బేరింగ్‌ని నెట్టే ఫోర్కు దగ్గరో గ్రీజు లేదని. మూడూ వేరు, మూడింటికీ అయ్యే ఖర్చూ వేరు. వినడానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు కూడా నాకు ఇవ్వలేదు.

నేను అడిగింది ఒక్కటే. ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటుతో పాటు బేరింగ్ కూడా కొత్తది వేశారా? "సెట్ అంతా వేశాం" అన్నాడు. మరి పాత సామాను ఏది? "పడేశాం మేడమ్." వారం తిరక్కుండానే పడేశారట! ఆ షెడ్డులో నా కళ్ళతో చూశాను, విప్పిన ప్రతిదీ పెట్రోల్ డబ్బాలో ముంచి కడుగుతారు. గ్రీజు లోపలే పెట్టి మూసేసిన సీల్డ్ బేరింగ్‌ని అలా కడిగితే లోపలి గ్రీజు కూడా పోతుంది. పైకి తళతళలాడుతుంది, బండికి ఎక్కిన రెండో రోజు నుంచి అరుస్తుంది. నా బండికీ పాత బేరింగే ఇలా కడిగి మళ్ళీ వేశారని నా గట్టి అనుమానం. కొత్త ప్లేటు వేశాక వైరు ఫ్రీ ప్లే, అంటే పెడల్ నొక్కగానే మొదట్లో ఉండే కొద్దిపాటి ఖాళీ కదలిక, మళ్ళీ సరిచేయాలి. అది చేశారా అంటే దానికీ జవాబు లేదు. ఫ్రీ ప్లే బొత్తిగా లేకపోతే కాలు తీసినా బేరింగ్ ఆనుకునే ఉంటుంది, బండి నడిచినంతసేపూ అరుగుతూనే ఉంటుంది.

చివరికి ఏమన్నాడో తెలుసా? "మీరు పెడల్ మీద కాలు ఉంచి నడుపుతారేమో మేడమ్, లేడీస్ చాలామంది అంతే." పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. సింహాచలం కొండ ఎన్నిసార్లు ఎక్కించానో లెక్క లేదు.

ఇది ఇవాళ్టి మాట కాదు, అసలు మంట అక్కడే ఉంది. రెండేళ్ళ క్రితం ఇదే బండికి ముందు చక్రం బేరింగ్ పోయింది. వేరే షెడ్డు. తోడుగా మా తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. వాడికి డ్రైవింగ్ రాదు, లైసెన్సూ లేదు. స్పీడు పెరిగితే చప్పుడు పెరుగుతోందని, కుడివైపుకి తిప్పితే ఎక్కువవుతోందని చెప్పింది నేను. ఆ మనిషి మాత్రం తమ్ముడి వైపే చూస్తూ, "ఎన్నాళ్ళ నుంచి వస్తోంది సార్? బ్రేక్ నొక్కితే ఎలా ఉంది సార్?" అని అడుగుతాడు. వాడు నా వైపు చూస్తాడు, నేను చెప్తాను, ఆయన మళ్ళీ వాడికే చెప్తాడు. బిల్లు మాత్రం తిన్నగా నా చేతికే ఇచ్చాడు. ఆ రోజు ఏమీ అనకుండా వచ్చేశాను. ఇప్పటికీ అదే బాధ.

నాన్న ఉన్నప్పుడు కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన గేర్ బాక్స్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "అమ్మా, నొక్కు. ఆఁ, వదులు. మళ్ళీ నొక్కు." అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి నొక్కించేవారు. విప్పిన సామాను పాత పేపర్లో చుట్టి నాన్న చేతిలో పెట్టేవారు. ఏం మార్చారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో నాన్న చిన్న డైరీలో రాసేవారు. ఆ డైరీ ఇప్పటికీ బండి డాష్‌బోర్డు అరలోనే ఉంది. ఈ క్లచ్ సంగతి కూడా అందులో రాద్దామని నిన్న తీశాను. బేరింగ్ కొత్తదా, పాతదా? ఏమని రాయను?

దయచేసి ఎవరూ "అమ్మేసి కొత్తది కొనుక్కో" అనకండి. బండికి తుప్పు పట్టలేదు, ఇంజిన్ బాగుంది. సముద్రం పక్క ఊళ్ళో ఇన్నేళ్ళ బండి అడుగు ఇలా ఉందంటే నాన్న ఎంత జాగ్రత్తగా చూశారో ఆలోచించండి. చెడిపోయింది బండి కాదు, దానికి చేసిన పని.

సోమవారం మళ్ళీ అక్కడికే వెళ్తున్నాను. గేర్ బాక్స్ మళ్ళీ దింపమంటాను, లేబర్ ఇవ్వను. దింపుతున్నంతసేపూ పక్కనే నిలబడతాను. బేరింగ్ నా చేత్తో తిప్పి చూసుకున్నాకే బిగించనిస్తాను. కాదంటే గాజువాక ఆటోనగర్లో గానీ, మర్రిపాలెం వైపు గానీ ఓపిగ్గా చెవి పెట్టి వినే మెకానిక్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఎంత దూరమైనా తీసుకెళ్తాను.